వెండి నాణెంపై దేవతలు

‘చేతిలో దమ్మిడీ లేదు’ అని వాపోయేవారికి ఆ దమ్మిడీ మూలం గ్రీకు దేశంలో ఉన్నదంటే వింతగా తోచవచ్చు. గ్రీకుల ‘ద్రఖ్మా’ అనే వెండి నాణెం పేరు సంస్కృతంలో ‘ద్రమ్మ’మై, ప్రాకృతంలో ‘దమ్మ’మై, హిందీలో ‘దామ్’, ‘దమ్‌డీ’ రూపాలు పొంది మన నోట దమ్మిడీగా నిలిచింది. పేరే కాదు, నాణెంపై బొమ్మ కూడ అలాగే మారుతూ దక్కనుకు చేరింది.

క్రీ.పూ. 5వ శతాబ్దంలో ఏథెన్సువారు లారియం గనుల వెండితో సుమారు 17 గ్రాముల బరువుగల నాలుగు ద్రఖ్మాల నాణేలను ముద్రించారు. ముందువైపు శిరస్త్రాణం ధరించిన ఎథీనా దేవి. వెనుక ఆమె గుడ్లగూబ, ఆలివ్ రెమ్మ. దూరదేశపు వర్తకునికి ఆ దేవతయే పూచీ అన్నమాట! అలెగ్జాండరు నాణేలపై సింహచర్మం కప్పుకొన్న హెరాక్లీసు, వెనుక పీఠంపై జ్యూసు కనిపిస్తారు. అతని తరువాత రాజులు తమ ముఖాలనే ముద్రింపజేయసాగారు. మన దేశాన్నేలిన మినాండరు నాణేలపై రాజు ముందుకు వచ్చాడు; వజ్రాయుధం విసరే ఎథీనా వెనుకకు జరిగింది. పశ్చిమ భారతాన్నేలిన క్షత్రపుడు నహపాణుని నాణెంపై రాజముఖం చుట్టూ గ్రీకు అక్షరాలున్నాయి గాని దేవత లేదు. వెనుక మిగిలినవి బాణము, వజ్రాయుధమే.

ఆ నహపాణుని గౌతమీపుత్ర శాతకర్ణి ఓడించాడు. 1906లో నాసిక్ దగ్గరి జోగల్‌తెంబిలో పదమూడు వేలకు పైగా నహపాణుని వెండి నాణేలు దొరికాయి. వాటిలో తొమ్మిది వేలకు పైగా నాణేలపై శాతకర్ణి తన ముద్రలు వేయించాడు. కొన్నింటిపై పాత ముఖం ఇంకా తొంగిచూస్తూనే ఉంటుంది. ఓటమిని ఇంత స్పష్టంగా చాటే శాసనం వేరొకటి అక్కరలేదు.

మారేడ్‌పల్లి విద్యార్థికి శాతవాహన నాణేలు దూరమేమీ కావు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్సులోని పురావస్తు ప్రదర్శనశాల సేకరణలో అవి ఉన్నాయి. కోటిలింగాల, పెద్దబంకూరుల వంటి చోట్ల దొరికినవి ఎక్కువగా సీసం, రాగి నాణేలు. వెండివి అరుదు. వాసిష్ఠీపుత్ర పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి వేయించిన ఆ అరుదైన వెండి నాణేలపై ముందువైపు రాజముఖం, ప్రాకృత లేఖనం ఉంటాయి. వెనుక దేవతకు బదులు కొండ గుర్తు, ఉజ్జయినీ చిహ్నం, వాటి చుట్టూ మరొక భాషలో రాజు పేరు. పులుమావి నాణెంపై ‘మకణకు’ అన్న మాట చదివారు. కుమారునిది అని భావం. మీరు షష్ఠీ విభక్తిలో చదువుకొన్న ‘కు’ వంటిదే అందులోనూ ఉన్నది. ఆ భాష తమిళమని కొందరు పండితులు, తెలుగుకు చేరువైనదని మరికొందరు నేటికీ వాదిస్తున్నారు.