సమాధుల తోటకి వెళ్ళొచ్చాకే రంగు గుడ్లు

ఏమ్మా చెల్లెమ్మలూ, శ్రమల దినాలు సగం దాటాయో లేదో అందరి ఇళ్ళలోనూ ఒకటే వాదన మొదలవుతుంది కదూ! పిల్లలకి ఈస్టర్ అంటే కుందేలూ, రంగు గుడ్లూ, చాక్లెట్లూ. ఫోనులో చూస్తారు, అమెరికాలో ఉన్న పిన్నిగారమ్మాయి పెట్టిన ఫొటోల్లో చూస్తారు, బళ్ళో తయారుచేసిన కాగితం చెవులు తగిలించుకుని ఇంటికొస్తారు. అమ్మమ్మేమో "ఇదెక్కడి చోద్యమే, ప్రభువు లేచిన రోజున కుందేలేంటి?" అంటుంది. ఇద్దరి మధ్యా నలిగేది మనమే. స్త్రీల కూడికల్లో కూడా ఇదే మాట: వద్దని కసరాలా, పోనీలే అని ఊరుకోవాలా? నాకు తోచింది మనసు విప్పి చెబుతాను, వినండి.

ముందు గుడ్డు సంగతి. అదేమీ అర్థంపర్థం లేకుండా పుట్టింది కాదు. పూర్వం యూరప్‌లో లెంట్, అంటే మన శ్రమల దినాలు, నలభై రోజులూ మాంసంతో పాటు గుడ్లు కూడా ముట్టేవారు కాదు. మనుషులు ఉపవాసమున్నా కోళ్ళు గుడ్లు పెట్టడం మానవు కాబట్టి పండగనాటికి ఇంటినిండా గుడ్లే. వాటికి రంగులేసి ఇరుగుపొరుగుకి పంచేవారు. గ్రీసు వైపు సంఘాల్లో ఇప్పటికీ ఎర్రరంగు వేస్తారు, క్రీస్తు రక్తానికి గుర్తుగా. అంటే ఆ గుడ్డు వెనకాల నలభై రోజుల నోటి కట్టుబాటు ఉంది. కట్టుబాటు అక్కడే ఉండిపోయి, గుడ్డు ఒక్కటే మన పిల్లల చేతికొచ్చింది. నా బాధల్లా అదీ.

కుందేలు కథ జర్మన్ పల్లెలది. అక్కణ్ణుంచి వలస వెళ్ళినవాళ్ళతో అమెరికాలోని పెన్సిల్వేనియా చేరింది. చిత్రమేంటంటే, ఆ పెన్సిల్వేనియా లూథరన్ సంఘమే ఫాదర్ హయ్యర్ అనే మిషనరీని మన దేశం పంపింది. ఆయన 1842లో గుంటూరు వచ్చారు. డెబ్బై దాటిన వయసులో, 1869లో మళ్ళీ ఓడెక్కి, వేరే సంఘం చేతికి వెళ్ళిపోబోతున్న రాజమండ్రి మిషన్‌ని నిలబెట్టడానికి వచ్చారు. అంతదూరం నుంచి అంత ముసలాయన వాక్యం మోసుకొచ్చారు. మన అమ్మమ్మల పండగలో కుందేలు ఊసే లేదు. కాబట్టి నేనైతే కుందేలుని బొమ్మల పుస్తకంలో ఉంచేస్తాను, అంతకుమించి చోటివ్వను.

చాక్లెట్ మీద మాత్రం నాకు కోపం లేదు. దాని మూలం మన కొబ్బరితోటల్లోనే ఉంది! కోనసీమలోనూ, పశ్చిమ గోదావరిలోనూ కొబ్బరి నీడన కోకో కాస్తోంది కదా. ఒకసారి పిల్లల్ని తోటకి తీసుకెళ్ళి చూపించండి. కాయ కొమ్మ చివర కాదు, మాను మీదే అంటుకున్నట్టు కాస్తుంది. పసుపుపచ్చగా పండిన కాయ పగలగొడితే లోపల గింజల చుట్టూ తెల్లటి గుజ్జు, పుల్లగా తియ్యగా ఉంటుంది. నోట్లో వేసుకుంటే చాక్లెట్ వాసనే రాదు. ఆ గింజల్ని పులియబెట్టి, ఎండలో ఆరబెట్టి, వేయించి నూరితే గానీ ఆ రుచి రాదు. పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. చావు, మట్టి, గింజ, మొలక అని పౌలు చెప్పిన సంగతి అక్కడే, చెట్టు కిందే చెప్పొచ్చు.

ఇంకో చిక్కుంది, అది పిల్లలది కాదు, మనది. మన గోదావరి డెల్టాలో ఈస్టర్ ఒక్క తీరున ఉండదు. 1836లో బౌడెన్, బీర్ దంపతులు ఇంగ్లండు నుంచి వచ్చి నరసాపురం వైపు పరిచర్య మొదలుపెట్టారు. వాళ్ళు వేసిన బాటలో నడిచిన బ్రదరన్ ఇళ్ళలో ప్రతి ఆదివారం రొట్టె విరుస్తారు, ప్రతి ఆదివారమూ పునరుత్థాన దినమే. పండగలు ప్రత్యేకంగా ఆచరించని కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. లూథరన్ ఇళ్ళలో శ్రమల దినాలు, మట్టలాదివారం, గుడ్ ఫ్రైడే నాడు సిలువ మీది ఏడు మాటలు, అన్నీ వరసగా ఉండాల్సిందే. ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్ళకి శనివారం రాత్రి కొత్త నిప్పు రాజేసి పెద్ద కొవ్వొత్తి వెలిగిస్తేనే పండగ. నరసాపురం బ్రదరన్ పిల్లని రాజమండ్రి లూథరన్ ఇంటికిస్తే ఆ పిల్లకి మొదటి ఏడు అన్నీ కొత్తే. అత్తగారు తెల్లచీర కట్టుకోమంటే ఎందుకో తెలియదు. అలాంటి కోడలికి "మీ వాళ్ళకి పండగ తెలీదు" అని ఎవరూ అనకండమ్మా. ఏడాదికి యాభై రెండుసార్లు ఆ ఖాళీ సమాధిని తలుచుకునే ఇంట్లో పెరిగిన పిల్ల ఆమె.

అసలు మన పండగ ఎక్కడుంది? మట్టలాదివారంనాడు కొబ్బరాకు చీల్చి పిల్లలు అల్లే సిలువలో ఉంది. శుక్రవారం పన్నెండు నుంచి మూడింటి వరకూ, ఉక్కపోతలో, ఏడు మాటలు వింటూ కూర్చునే ఓపికలో ఉంది. అన్నింటికంటే శనివారం సాయంత్రం సమాధుల తోటలో ఉంది. పిచ్చిమొక్కలు పీకి, బిందెలతో నీళ్ళు పోసి కడిగి, సమాధులకి వెల్ల వేస్తారు. సున్నం చుక్కలు చెయ్యంతా పడి ఆరిపోతాయి. కడియపులంక నుంచి బంతిపూలూ చామంతులూ బుట్టల్లో దిగుతాయి. మర్నాడు ఇంకా చీకటుండగానే డోలకు, కంజీరలతో పాడుకుంటూ వీధులెంట బయల్దేరి అక్కడికే చేరతారు. గాలికి కొవ్వొత్తి ఆరిపోతుంటే పిల్లలు చేతులు అడ్డంపెట్టి కాస్తారు. రాతి మీద అరిగిపోయిన అక్షరాలు వేలితో తడిమి చదువుతారు. ఫలానావారు మా తాతయ్యకి నాన్న అని తెలిసేది అప్పుడే. తెల్లారుతుంటే పాస్టరుగారు "క్రీస్తు లేచెను" అంటే, అందరం "నిజముగా లేచెను" అంటాం. అక్కడ నిలబడి అనడం వేరు, ఏసీ హాల్లో అనడం వేరు.

ఇప్పుడు చాలాచోట్ల ఆ నడక తగ్గిపోతోంది. ఎనిమిదింటికి ఆరాధన, పదింటికి గుడ్ల వెతుకులాట, ఒంటిగంటకి బిర్యానీ. నేను ఒప్పుకోలేనిది ఇదే. గుడ్ల ఆట ఉండనివ్వండి, కానీ తెల్లవారుజాము పోవడానికి వీల్లేదు. శనివారం మధ్యాహ్నం ఉల్లిపొట్టు వేసి గుడ్లు ఉడకబెట్టండి, ఇటుకరంగు తేలుతుంది. తణుకు, అనపర్తి కోళ్ళఫారాలున్న నేల మనది, గుడ్లకి కరువేం లేదు. ఆదివారం సమాధుల తోట నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కున్నాకే ఆ గుడ్లు పిల్లల చేతిలో పెట్టండి. వరస మారితే అర్థం మారిపోతుంది.

ఈ పండగని మొదట చూసింది ఆడవాళ్ళే కదా. మగ్దలేనే మరియ, యాకోబు తల్లి మరియ, సలోమే సుగంధద్రవ్యాలు కొనుక్కుని వెళ్ళారు. సంబరానికి కాదు, చనిపోయినవాడి దేహానికి చెయ్యాల్సింది చెయ్యడానికి. సమాధికి అడ్డంగా ఉన్న అంత పెద్ద రాయిని ఎవరు తీస్తారా అనుకుంటూనే నడిచారు. దుఃఖంలో కూడా పని ఆపని ఆడవాళ్ళు వాళ్ళు.

అందుకే నాకు ఒక మాట మింగుడుపడదు. ఇంట్లో చావు జరిగితే "ఈ ఏడు మాకు పండగ లేదు" అంటాం. క్రిస్మస్‌కి అన్నా అర్థముంది, కొత్త బట్టలూ నక్షత్రాలూ పెట్టబుద్ధి కాదు. ఈస్టర్‌కి అలా ఎలా అంటామమ్మా? సమాధి దగ్గర మొదలైన పండగ ఇదొక్కటే. కొత్తగా మనిషిని మట్టిలో పెట్టిన ఇంటివాళ్ళే ముందు దీనికి రావాలి.

మీ వీధిలో ఈ ఏడు అలాంటి ఇల్లుంటే, శనివారమే వెళ్ళి ఆ వదిన దగ్గర కాసేపు కూర్చోండి. ఆ సమాధికి వెల్ల వెయ్యడానికి మనిషి లేకపోతే మీవాళ్ళని పంపండి. తెల్లవారుజామున తలుపు తట్టి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళండి. గుడ్లు ఉడకబెట్టేటప్పుడు ఆ ఇంటి పిల్లల లెక్క కూడా చూసుకుని నాలుగు ఎక్కువ వెయ్యండి, ఆయ్.