లారీ బాడీ బోల్టులను బిగించు విధము

మిరప టిక్కీలను గుంటూరు యార్డునకు చేర్చు పాత లారీలలో, బాడీకిని ఛాసీకిని నడుమనుండు రబ్బరు మెత్తలు కాలక్రమమున గట్టిపడి పగులును. వానిని మార్చునపుడు సభ్యులు గమనింపవలసిన సంగతులను తెలుపుచున్నాము.

జాకీతో ఎత్తిన బాడీ క్రింద కొయ్యదిమ్మలు పెట్టనిదే చేయి దూర్పరాదు. క్రొత్త మెత్తలను అమర్చి, బోల్టులన్నింటిని మొదట చేతితోనే ఎక్కింపవలెను. ఒకదానిని ముందే పూర్తిగా బిగించినచో బాడీ ఒరిగి, తక్కిన రంధ్రములు కలియవు. బాడీని దింపి, బరువు మెత్తలపై నిలిచిన పిదప, ఎదురెదురు బోల్టులను రెండు మూడు విడతలుగా బిగింపవలెను. కడపటి బిగువును తయారీదారు పుస్తకములోని కొలత ప్రకారము టార్కు రెంచితో సరిచూడవలెను. మితిమీరి బిగించిన మర చెడును, రబ్బరు నలుగును. వదులైన బోల్టు అరిగి తెగును, నిండుబరువుతో మలుపు తిరుగునపుడు బాడీ కదలును. తుప్పుపట్టిన బోల్టులను మరల వాడరాదు. కొన్నిదినములు తిరిగిన పిమ్మట బిగువును మరల చూడవలెను. పంటయు ప్రాణమును వీనిపై ఆధారపడియున్నవని మనవి చేయుచున్నాము.