గ్యాసు కొట్టే ముందు

ఏసీలో గ్యాసు వాడకంతో తరిగిపోదు. యాప్రాల్‌లో ఒక ఇంటివారు ఏటా వేసవి ముందు గ్యాసు కొట్టించుకుంటున్నారు, ఈసారీ కొట్టాలా అని ఉత్తరంలో వచ్చిన ప్రశ్నకు సూటి జవాబు ఇదే. గ్యాసు మూసిన గొట్టాల్లో తిరుగుతూ గదిలోని వేడిని బయటికి మోసే పదార్థం. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. ఆ చోటు వెతక్కుండా సిలిండర్ తగిలిస్తే వచ్చే ఏడాదికి మళ్లీ అదే పిలుపు, అదే ఖర్చు.

ఇంట్లో ఫ్రిజ్‌దీ ఇదే సూత్రం. అది పదిహేనేళ్లయినా గ్యాసు అడగదు, ఎందుకంటే దాని అతుకులన్నీ ఫ్యాక్టరీలోనే వెల్డింగ్ అయి వస్తాయి. స్ప్లిట్ ఏసీ సగం ఫ్యాక్టరీలో, సగం గోడ మీద తయారవుతుంది. రాగి పైపు అంచును వెడల్పు చేసి ఫ్లేర్ నట్ బిగించే నాలుగు చోట్లూ మెకానిక్ చేతి పని. కారడం ఎక్కువగా మొదలయ్యేదీ అక్కడే.

చల్లదనం తగ్గిందనగానే గేజి తగిలించాలన్న ఆత్రం కొత్త చేతికి సహజం. ఆ ఆత్రాన్ని ఇప్పుడే మానుకోవాలి. గేజి తగిలించి తీసిన ప్రతిసారీ కొంత గ్యాసు బయటికి పోతుంది. పైగా ఇన్వర్టర్ ఏసీలో కంప్రెసర్ వేగం మారేకొద్దీ ప్రెషర్ మారుతుంది, ఆ ఒక్క అంకెను నమ్మి గ్యాసు తక్కువని తేల్చడం తప్పు. ముందు చూడవలసింది గాలి దారి. ఫిల్టర్, లోపలి కాయిల్, బ్లోయర్ రెక్కలు, ఆ తర్వాత బయటి యూనిట్. యాప్రాల్, కౌకూర్ వైపు ఇంకా ఇళ్లు లేస్తూనే ఉన్నాయి. సిమెంటు దుమ్ము కండెన్సర్ రేకుల మధ్య గట్టిపడుతుంది. అపార్టుమెంట్లలో పావురాల వల కట్టిన యుటిలిటీ బాల్కనీలోనే బయటి యూనిట్ పెడతారు. వదిలిన వేడి గాలినే అది మళ్లీ పీల్చుకుంటుంది, ఈకలు, రెట్టలు సరేసరి. కడిగేటప్పుడు బోరు నీళ్లకన్నా నల్లా నీళ్లు మేలు. ఇక్కడి బోరు నీళ్లలోని సున్నం రేకుల మీద తెల్లగా పేరుకుంటుంది.

కడిగాక పావుగంట నడిపి చూస్తే సంగతి తెలుస్తుంది. ఏసీ పీల్చే గాలికీ వదిలే గాలికీ మధ్య ఎనిమిది నుంచి పన్నెండు డిగ్రీల తేడా ఉంటే గ్యాసు జోలికి పోనక్కర్లేదు. బయటి యూనిట్ దగ్గర సన్న పైపు మీదే మంచు పట్టి, లావు పైపు చల్లబడకపోతే గ్యాసు తక్కువని అనుమానించవచ్చు. లావు పైపు మీదికీ మంచు పాకితే చాలావరకు గాలి ఆడకపోవడమే కారణం. మే నెలలో నీళ్లు సరిగ్గా కారడం లేదు కాబట్టి గ్యాసు అయిపోయిందనే మాట కూడా వినిపిస్తుంది. మే గాలిలో తేమే తక్కువ, నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? అదే ఏసీ జులైలో ధారగా కారుస్తుంది.

కారుతున్న చోట నూనె మరక కనబడుతుంది, ఎందుకంటే గ్యాసుతోపాటు కంప్రెసర్ నూనె కూడా తిరుగుతుంది. మరక లేకపోతే నైట్రోజన్ నింపి సబ్బు నురగ రాసి చూడాలి. నైట్రోజన్ బదులు ఆక్సిజన్ ఎన్నడూ వాడకూడదు, నూనెతో కలిస్తే పేలుతుంది. నట్లన్నీ బాగుండి లోపలి కాయిలే కారుతుంటే గాలిని అనుమానించాలి. మురుగు, చెత్త కుళ్లిన చోట పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ రాగిని నల్లగా మార్చి తినేస్తుంది. జవహర్‌నగర్ డంపింగ్ యార్డు యాప్రాల్‌కు తూర్పున కొన్ని కిలోమీటర్లే. ఆ వాసన వచ్చే ఇళ్లలో, నాలాల పక్క ఇళ్లలో కాయిల్ రంగును ఏటా చూడటం మంచిది.

లీకు మూశాక వాక్యూమ్ పంపు పెట్టాలి. పని నేర్చుకునే పిల్లలు తొందరపడేది ఇక్కడే, నేర్పే పెద్దలు కోప్పడవలసిందీ ఇక్కడే. పంపు మోయడం బరువని, కొంచెం గ్యాసు వదిలి దాంతో పైపుల్లోని గాలిని తోసేసే అలవాటు చాలామందికి ఉంది. గాలి పోయినా తేమ మిగులుతుంది. ఈ కాలపు కంప్రెసర్లలో వాడే నూనె ఆ తేమను పట్టుకుని ఆమ్లంగా మారుతుంది, మోటారు వైండింగ్ మీది పూతను మెల్లగా కొరుకుతుంది. రెండేళ్ల తర్వాత కంప్రెసర్ కాలిపోతే కరెంటు మీద నింద పడుతుంది. పంపు తీసిన శూన్యంలో నీరు గది వేడికే మరిగి ఆవిరై బయటికి వచ్చేస్తుంది. అందుకే మీటరు ఐదు వందల మైక్రాన్ల కిందికి దిగి, పంపు ఆపినా అక్కడే నిలిచేదాకా ఓపిక పట్టాలి. నేర్చుకునే పిల్లవాడు మరేది మరిచినా ఈ పని మరవకూడదు.

ఆ తర్వాత గ్యాసును తూకం వేసి నింపాలి. ఎన్ని గ్రాములో యూనిట్ పక్కన అంటించిన పట్టీ మీద రాసి ఉంటుంది. ఏ గ్యాసో కూడా అక్కడే చూడాలి. పాత ఏసీల్లో ఆర్-22, తర్వాతి వాటిలో ఆర్-410ఏ, ఇప్పుడు ఎక్కువగా ఆర్-32. ఒకదాని బదులు ఇంకొకటి నింపకూడదు. ఆర్-22 ఓజోన్ పొరను తింటుంది గనుక 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద తప్పుకుంటోంది. ఆర్-410ఏ ఓజోన్‌ను ముట్టదు కానీ ఒక కిలో గాలిలో కలిస్తే రెండు వేల కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ వదిలినంత వేడి. ఆర్-32ది అందులో మూడోవంతు, కాకపోతే అంటుకునే గుణం ఉంది. అది ఉన్న గొట్టం మీద మంట పెట్టే ముందు గ్యాసంతా రికవరీ సిలిండర్‌లోకి తీసుకుని, తలుపులు తెరిచి ఉంచాలి.

మరో రెండు జాగ్రత్తలు. డ్రెయిన్ పైపు వాలుగా ఉండాలి, కొస బకెట్ నీళ్లలో మునగకూడదు. కెపాసిటర్‌ను ముట్టుకునే ముందు, కరెంటు ఆపినా సరే, దానిలోని చార్జి తీసేయాలి. ఇక యాప్రాల్ ఇంటి ఏసీకి గాలి దారి కడిగాక కూడా గ్యాసు తక్కువనిపిస్తే, ముందు నాలుగు ఫ్లేర్ నట్ల దగ్గర నురగ రాసి చూడాలి. అక్కడ బుడగలు రాకపోతే లోపలి కాయిల్ విప్పాలి.