ఉమ్మడి మేతలో పశువు పశువును పొడిచినచో నష్టము ఎవరిది?

మేము విత్తనమును గూర్చియో, ఎరువును గూర్చియో చెప్పుటకు పోయిన గ్రామములలో, పని ముగిసి వేపచెట్టు క్రింద కూర్చుండగానే తఱచుగా ఒక ప్రశ్న వచ్చుచుండును. "అయ్యా, మందలో ఒకని ఎద్దు వేఱొకని ఎద్దును పొడిచినది. డబ్బు ఎవరు కట్టవలెను?" దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పువారు ప్రతి యూరను గలరు. పొడిచిన పశువు యజమానియే కట్టవలెనని కొందఱందురు. పశువులకు జ్ఞానము లేదు గనుక ఎవరును కట్టనక్కఱలేదని మఱికొందఱందురు. ఈ రెండు జవాబులును సగము మాత్రమే సరియైనవి.

పాఖాల చెఱువు ప్రాంతమున మే మెఱిగిన యొక గ్రామములో జరిగిన సంగతి చెప్పెదము. ఊరి పేరు చెప్పము; అందఱును మనవారే. అచ్చటి రైతు ఒకడు సంఘములో అప్పు తీసికొని ఎడ్ల జత కొనెను. ట్రాక్టర్లు ఎన్ని వచ్చినను, పత్తిచేలలో సాళ్లనడుమ గుంటుక తోలుటకు చిన్న రైతునకు నేటికిని ఎడ్లే దిక్కు. మృగశిర కార్తెకు ముందు, చెఱువు శిఖములో ఊరి మంద మేయుచుండగా, అతని బావ వరుసవాని ఎద్దు ఆ జతలో ఒకదానిని డొక్కలో పొడిచెను. పైకి గాయము రెండువ్రేళ్ల వెడల్పే. లోపల ఎంత పోయినదో ఎవరును చూడలేదు. పసుపు అద్ది ఊరకుండిరి. తొమ్మిదవనాడు ఎద్దు చచ్చెను. వానలు పడుటకు వారము దినములు కూడ లేవు.

సంఘపు వాకిట ఇరువురును నిలిచిరి. "బావా, నీ ఎద్దు వలన నా కాడి విఱిగినది, అప్పు నేనెట్లు తీర్తును?" అని యొకడు. "నేను పొడువుమని చెప్పితినా, బావా? మందలో తోలినప్పుడు నీకు తెలియదా పశువులు కొట్లాడునని?" అని రెండవవాడు. జామీను నిలిచిన ఇద్దఱు సభ్యులు మాటలాడకుండ తలలు వంచుకొని కూర్చుండిరి. వాయిదా తప్పినచో ఆ బరువు తమ మీదికే వచ్చునని వారెఱుగుదురు.

ఈ తగవు క్రొత్తది కాదు. బాగ్దాదు నగరము చెంత తెల్ హర్మల్ అను దిబ్బలో 1945, 1947 సంవత్సరములలో దొరకిన మట్టిపలకలపై ఎష్నున్నా రాజ్యపు శాసనములు గలవు. సుమారు 3,800 ఏండ్ల నాటివి. ఒక ఎద్దు మఱియొక ఎద్దును పొడిచి చంపినచో, బ్రతికిన ఎద్దు వెలను, చచ్చినదాని కళేబరమును యజమానులిరువురు పంచుకొనవలెనని అందున్నది. మేము చిన్ననాడు మిషను పాఠశాలలో చదివిన నిర్గమకాండము 21వ అధ్యాయములో కూడ ఇదే న్యాయము గలదు. అయితే అచ్చట మఱియొక మాట చేర్చిరి. ఆ ఎద్దు పొడుచునదియని ముందే తెలిసియుండియు యజమాని దానిని కట్టివేయకున్నచో పంపకము లేదు. ఎద్దునకు ఎద్దు ఇచ్చుకొనవలసినదే.

ఈ చేర్చిన మాటలోనే తగవునకు తాళపుచెవి గలదు. ఏ పశువు పొడిచినదనునది రెండవ ప్రశ్న. యజమానికి ముందు ఏమి తెలియుననునది మొదటి ప్రశ్న.

పంపకములో లెక్క ఎట్లుండునో చూడుడు. రెండెడ్లును అఱువదివేల రూపాయలవే యనుకొందము. కళేబరమునకు వెల లేదనుకొందము. బ్రతికినదానిని అమ్మి చెఱి ముప్పదివేలు తీసికొందురు. ఇరువురి నష్టము సమానము. కాని చచ్చినది డెబ్బదివేల ఎద్దు, పొడిచినది ఇరువదివేల ముసలి ఎద్దు అయినచో, నష్టపోయినవానికి వచ్చునది పదివేలే. ఇందుచేతనే కాబోలు యూదుల పండితులు మిష్నా యను గ్రంథములో, సుమారు క్రీ.శ. 200 నాటికి, వేఱు లెక్క పెట్టిరి. ఎన్నడు పొడువని ఎద్దు పొడిచినచో సగము నష్టము, అదియు ఆ ఎద్దు వెలకు మించకుండ. మూడుమాఱులు హెచ్చరిక పొందిన ఎద్దు పొడిచినచో నష్టమంతయు. హెచ్చరిక పొందిన ఎద్దు మరల మంచిదెప్పుడగును? పిల్లలు దానిని ముట్టుచున్నను పొడువనప్పుడు అని వారిలో ఒక పండితుడు చెప్పెను. పశువుల నెఱిగినవాని మాట యిది.

మన దేశపు ధర్మశాస్త్రములు ఈ సంగతిని కాపరి వైపునుండి చూచినవి. యజమానికిని కాపరికిని వచ్చు తగవులకు 'స్వామిపాలవివాదము' అని పేరు. ప్రొద్దున అప్పగించిన పశువులను సాయంకాలము అట్లే తిరిగి అప్పగింపవలెననియు, జీతము పుచ్చుకొను కాపరి తన యేమఱుపాటు వలన చచ్చినదానికి, తప్పిపోయినదానికి బదులు ఇచ్చుకొనవలెననియు యాజ్ఞవల్క్యస్మృతి చెప్పుచున్నది. దానికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షర యను వ్యాఖ్యను 13వ శతాబ్దములో కేతన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. పగటి బాధ్యత కాపరిది, రాత్రి యింట కట్టినప్పటి బాధ్యత యజమానిది అని మనుస్మృతి. కోఱలు, కొమ్ములు గల తన జంతువు ఒకరిని బాధించుచుండగా శక్తియుండియు విడిపింపని యజమానికి యాజ్ఞవల్క్యుడు దండము విధించెను. రక్షింపుమని కేక వేసినను రాకున్నచో దండము రెట్టింపు.

నేటి చట్టము ఏమనును? ఈ యొక్క తగవునకని ప్రత్యేకముగా వ్రాసిన చట్టము మనకు లేదు. 1871 నాటి పశువుల చొరబాటు చట్టము పైరు మేసిన పశువులను గూర్చి, బందెలదొడ్డిని గూర్చి పుట్టినది. పోలీసు ఠాణాకు పోయినను ఫలము తక్కువ. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహితలో 291వ సెక్షను పశువు విషయమై అజాగ్రత్తను శిక్షించును గాని, అది మనుష్యుల ప్రాణమునకు, తీవ్రగాయమునకు సంబంధించినది. 325వ సెక్షను పశువును చంపుటను, అవిటిచేయుటను శిక్షించును. కాని దానికి కావలెనని గాని, తెలిసి గాని చేసినట్లుండవలెను. కావున మన తగవు సివిలు నష్టపరిహారపు తగవే. ఇందు మన న్యాయస్థానములు న్యాయము, ధర్మము, మనస్సాక్షి యను సూత్రముచేత ఇంగ్లీషు దేశపు పాత తీర్పుల వైపు చూచుచుండును. ఆ తీర్పులు గుఱ్ఱములను గూర్చినవి గనుక మన రైతులకు వింతగా తోచవచ్చును. గుఱ్ఱము బదులు ఎద్దు అనుకొని చదువుడు.

1874లో లాఫ్టస్ ఇనుప కంపెనీవారి గుఱ్ఱము తీగెకంచె ఆవలనున్న పొరుగువాని ఆడుగుఱ్ఱమును కఱచి తన్నెను. గుఱ్ఱము తన పొలములోనే యున్నను, దాని కాలును మూతియు కంచె దాటినవి గనుక చొరబాటే యని కంపెనీచేత నష్టము కట్టించిరి. అచ్చట యజమానికి ముందు తెలియునా తెలియదా యను ప్రశ్న రాలేదు. 1923లో మాంటన్, బ్రాకిల్‌బ్యాంకు అనువారి వ్యాజ్యములో సంగతి వేఱు. ఒకే పొలములోనున్న జంతువులలో ఒకటి రెండవదానిని గాయపఱచెను. గుఱ్ఱము గుఱ్ఱమును తన్నుట దాని జాతికి సహజమేయనియు, ఇది దుష్టజంతువని యజమానికి ముందు తెలిసినట్లు రుజువు కాలేదనియు, కట్టనక్కఱలేదని తీర్పు. కంచె దాటినచో ఒక న్యాయము, కలిసి మేసినచో ఒక న్యాయము. మన బంచరాయి, శిఖము, అడవి మేత అన్నియు రెండవ తెఱగువే. మందలో తోలిన ప్రతివాడును సామాన్యపు కొట్లాటను ఒప్పుకొనియే తోలుచున్నాడు. అందుచేత పైని చెప్పిన బావగారి మాటలో కొంత న్యాయము లేకపోలేదు. అయితే సామాన్యపు కొట్లాట వేఱు, పొడుచునదని తెలిసిన పశువును తోలుట వేఱు.

ఇక కాపరి సంగతి. 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము ఒకని సొత్తును కాపాడుటకు పుచ్చుకొన్నవాడు, బుద్ధిమంతుడు తన సొత్తును చూచుకొనునంత జాగ్రత్తతో చూడవలెను. ఇది 151వ సెక్షను. అంతకంటె మనకు పనికివచ్చునది 150వది. అప్పగించు సొత్తులో తనకు తెలిసిన దోషమును అప్పగించువాడు చెప్పవలెను. చెప్పనందున పుచ్చుకొన్నవానికి కలిగిన నష్టమునకు అతడే బాధ్యుడు. పొడుచు ఎద్దును ఆ మాట చెప్పక మందలో తోలి, తరువాత కాపరిని నిందించుట చెల్లదని దీని తాత్పర్యము. మా యభిప్రాయము ఇంకొకటి గూడ చెప్పెదము. నూఱు పశువులను ఒక ముసలివాడో, ఒక పిల్లవాడో కాయుచుండును. తలకింత యని యిచ్చెడి జీతము అతని గంజికి చాలదు. కునుకు తీసెననియో, తాటిచెట్టు క్రింద కూర్చుండెననియో అతనిచేత ఎద్దు వెల కట్టించెదమనుట న్యాయమును కాదు, వసూలగు మాటయు కాదు.

మరల మన యూరికి వత్తము. ఆ దినము కాపరిని పిలిచి యడిగిరి. "దొరా, ఈ ఎద్దు పొడుచుచున్నది, కొమ్ములు మొండిచేయించుమని మూడుమాఱులు చెప్పితిని" అనెను. ఎవరి యెదుట? చీకటిపడిన తరువాత, గడప వద్ద, ఒక్కడే. "నాకు చెప్పలేదు" అని యజమాని. ఒకని మాటకు ఒకని మాట సరిపోయినది. తగవు అచ్చటనే నిలిచిపోవలసినదే. అంతలో పాలు పోయుటకు వచ్చిన యొక ముసలమ్మ, "ఏమి కొడుకా, పోయిన యేడు దీని మెడలో గుదిబండ చూచితిని గదా! ఎప్పుడు తీసితివి?" అనెను. ఎవరును మాటలాడలేదు. గుదిబండ కట్టినవాడు ఆ పశువు గుణము తనకు తెలియునని ఊరందఱి యెదుట ఒప్పుకొన్నట్లే. వేసవిలో మేతకు వంగలేకున్నదని జాలిపడి తీసితినని అతడు చివరకు చెప్పెను. జాలి మంచిదే, కాని విప్పిన పశువును మందలో గాక తన దొడ్డిలో ఉంచుకొని యుండవలెను.

ఇచ్చట ఒక చిక్కు గలదు. గుదిబండ కట్టుటయే సాక్ష్యమగునేని ఎవడు కట్టునని కొందఱు మాతో వాదించిరి. కట్టుట తప్పునకు సాక్ష్యము కాదు, జాగ్రత్తకు సాక్ష్యము. కట్టిన గుదిబండతోనే పశువు పొడిచినచో యజమాని తన చేతనైనది చేసెనని చెప్పుకొనగలడు. తెలిసి విప్పి వదలిపెట్టినవాడే చెప్పుకొనలేడు.

దేవుని పేర అచ్చుపోసి విడిచిన ఆంబోతు పొడిచినచో ఎవరిని అడుగుదుము? స్మృతులు అట్టి పశువునకు పైరు మేసిన తప్పునే క్షమించినవి. దాని కొఱకు ఊరంతయు పూనుకొనవలెను గాని వేఱు దారి మాకు తోచుట లేదు.

నష్టము లెక్క కట్టునప్పుడు పశువు వెల యొకటియే చూడరాదు. వైద్యమునకైన ఖర్చు, కాడి లేని దినములలో కూలికి తెచ్చుకొన్న ఎడ్ల బాడుగ, పాడిపశువైనచో పోయిన పాలు, చూలుపోయినచో ఆ నష్టము, అన్నియు చేరవలెను. మిగిలినదాని వెల తీసివేయవలెను. కొమ్ముపోటు పైకి చిన్నది, లోపల లోతు. ఆ దినమే పశువైద్యునికి చూపి అతని చీటి తీసికొనవలెను. ప్రేగులు బయటపడినచో లోనికి త్రోయక, శుభ్రమైన తడిగుడ్డ కప్పి వైద్యునికై పంపవలెను. చేతిలోని ఫోనుతో గాయమును, చెవిపోగును ఛాయాచిత్రము తీయుడు. భీమా చేసిన పశువైనచో చెవిపోగు లేనిదే కంపెనీ రూపాయి ఇయ్యదు.

కొమ్ములను గూర్చి మా పనికి సంబంధించిన మాట యొకటి. దూడ పుట్టిన రెండుమూడు వారములలో కొమ్ముమొలకను వైద్యునిచేత కాల్పించినచో పోటు బాధ జన్మమంతయు లేదు. ఎదిగినవానికి కొనలు మొండిచేయించి ఇత్తడిపొన్నులు తొడుగవచ్చును. క్రొత్తగా కొన్న పశువును మొదటి దినముననే మందలో తోలరాదు. బలాబలములు తేలువఱకు అవి పోరాడుచునే యుండును. ఇఱుకైన నీటిరేవు వద్ద, ఒకే గడ్డికుప్ప వద్ద పోట్లు హెచ్చు. బంచరాయిలు తగ్గిన కొలది ఈ యిఱుకు పెరుగుచున్నది.

ఆ గ్రామములో తగవు కోర్టునకు పోలేదు. పోయినచో ఏమగునో చెప్పలేము గాని, పత్తి విత్తుటకు ముందు తీర్పు రాదనుట మాత్రము నిజము. ఇరువురును ఒప్పుకొన్నచో లోక్ అదాలతులో వ్రాయించుకొనవచ్చును. ఆ వ్రాత కోర్టు డిక్రీతో సమానము, దానిపై అప్పీలు లేదు. వీరు అంతవఱకు పోక, పెద్దల యెదుట కాగితము వ్రాసికొనిరి. బావగారు రెండు పంటలలో ముప్పదివేలు ఇచ్చుటకును, ఆ యేటి గుంటుక పని తన జతతో చేసిపెట్టుటకును ఒప్పుకొనెను. ఎద్దు వెల అంతయు రాలేదు. సంఘము వాయిదాను ఒక పంట జరిపెను, జామీనుదారులకు నిద్రపట్టెను.

అటుపిమ్మట ఆ సంఘమువారు ఒక పుస్తకము పెట్టిరి. పశువు పొడిచినట్లు కాపరి గాని, ఇతరుడు గాని చెప్పినప్పుడు తేదీ, పశువు రంగు, చెవిపోగు సంఖ్య వ్రాసి, యజమానికి చదివి వినిపించి, ఇద్దఱు సాక్షులచేత వ్రేలిముద్రయో సంతకమో చేయింతురు. తెలియక జరిగిన మొదటి పోటునకు సగము నష్టము, పుస్తకములో పేరెక్కిన పశువు పొడిచినచో నష్టమంతయు, కాపరికి చెప్పక తోలినచో కాపరిపై మాట లేదు. ఇవి వారు కట్టుకొన్న కట్టుబాట్లు. సభ్యులందఱు సంతకములు చేసిరి గనుక ఇది యొప్పందము. రేపు తగవు వచ్చినచో చూపుటకు కాగితముండును.

మేము క్రిందటిమాఱు పోయినప్పుడు ఆ పుస్తకములో నాలుగు పేరులున్నవి. మొదటిది ఆ బావగారి ఎద్దే. సంతలో అమ్మివేయుదునని అతడనగా, కొనువానికి గుణము చెప్పియే అమ్ముమని పెద్దలు చెప్పిరట. చెప్పినచో ఎవడును కొనడు. కావున కొమ్ములు మొండిచేయించి తన చేనిగట్టున పలుపుతో కట్టి మేపుచున్నాడు. కాపరి మాత్రము దానిని ఇంకను మందలోనికి రానిచ్చుట లేదు.