ఏర్గట్ల రైతు ఫోనుకు సరిపోయే తెర రికార్డింగు: విస్తరణ పాఠాల తయారీలో ఓబీఎస్ స్టూడియో అమరికలు

నిజామాబాద్ జిల్లాలో పడమటి వైపు, బోధన్ చెరకు ప్రాంతంలో రుద్రూరు ఉంది. ప్రాంతీయ చెరకు, వరి పరిశోధన స్థానమూ కృషి విజ్ఞాన కేంద్రమూ అక్కడే పనిచేస్తున్నాయి. జిల్లాకు ఈశాన్యపు కొసన, 2016 అక్టోబరులో జరిగిన పునర్వ్యవస్థీకరణలో మోర్తాడ్ నుంచి విడివడి మండలంగా ఏర్పడిన ఏర్గట్ల ఉంది. దానికి సమీపంలోని కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధన స్థానం ఉంది. బోధన్‌లోని చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడిన తరువాత పడమటి రైతు చెరకు నుంచి వరి వైపు మళ్ళాడు. ఏర్గట్ల వైపు పసుపు, మొక్కజొన్న, వరి ప్రధానం. ఒకే జిల్లా అయినా రెండు కొసలకూ కావలసిన పాఠాలు వేరు. శాస్త్రవేత్త రెండు చోట్లకూ ప్రతి వారం స్వయంగా వెళ్ళడం సాధ్యపడే పని కాదు. అందువల్ల కంప్యూటర్ తెరపై చూపే విషయాన్ని మాటతో సహా రికార్డు చేసి పంపడం విస్తరణ పనిలో భాగమైపోయింది.

2024 మార్చిలో మొదలైన రైతు నేస్తం కార్యక్రమం ద్వారా రైతు వేదికలలో దృశ్య సమావేశాలు జరుగుతున్నాయి. అక్కడ పాఠం పెద్ద తెరపై కనిపిస్తుంది. అయితే అదే పాఠం మరునాడు వాట్సాప్ ద్వారా చేరేది అరచేతిలోని ఫోనుకు. ఆర్మూరు, బాల్కొండ, మోర్తాడ్ ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్ళినవారు ఎక్కువ. ఇంటి యజమాని దుబాయిలోనో మస్కటులోనో ఉండి, పొలం పనులు భార్యో తండ్రో చూసుకునే కుటుంబాలలో ఒకే వీడియోను ఇద్దరూ వేర్వేరు చోట్ల చూసి, రాత్రి ఫోనులో మాట్లాడుకొని నిర్ణయం తీసుకుంటారు. కాబట్టి రికార్డింగు అమరికలను నిర్ణయించవలసినది కార్యాలయంలోని కంప్యూటర్ శక్తిని బట్టి కాదు; చివరన ఉన్న ఆ ఫోను తెరను బట్టి.

ఇందులో అందచందాల కంటే పెద్ద విషయం ఒకటి ఉంది. పసుపు ఆకుమచ్చ తెగులుకు లీటరు నీటికి 2.5 గ్రా. మాంకోజెబ్ అని స్లైడుపై రాసి ఉందనుకుందాం. వీడియో కుదింపులో చుక్క చెరిగిపోతే రైతు చదివేది 25. తెలుగులో ఒత్తు చెరిగినా, సున్న చెరిగినా మాట మారిపోతుంది. మాట మారితే సందర్భాన్ని బట్టి ఊహించవచ్చు. అంకెను ఊహించడానికి వీలు లేదు.

ప్రోగ్రాము ఎంపిక

విండోస్ 10లో విండోస్ కీ, జీ కలిపి నొక్కితే వచ్చే గేమ్ బార్ ఒక్క ప్రోగ్రాము కిటికీని రికార్డు చేయగలదు. డెస్క్‌టాప్‌ను, ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌ను రికార్డు చేయదు. విండోస్ 11లోని స్నిప్పింగ్ టూల్ చిన్న అవసరాలకు చాలు. స్లైడు, బ్రౌజరు, ఎక్సెల్ పట్టిక మార్చి మార్చి చూపవలసిన పాఠానికి ఓబీఎస్ స్టూడియో అనుకూలం. ఇది ఉచితం, మూల సంకేతం బహిరంగం. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిపైనా పనిచేస్తుంది. పాత కంప్యూటర్లు వాడేవారు ఒక విషయం గమనించాలి. 2022లో వచ్చిన 28వ సంచిక నుంచి విండోస్ 7, 8లకూ 32 బిట్ వ్యవస్థలకూ మద్దతు ఆగిపోయింది. అటువంటి యంత్రంపై 27వ సంచికనే స్థాపించుకోవాలి.

అక్షరం ఎంత పెద్దది

సెట్టింగ్స్‌లోని వీడియో విభాగంలో రెండు కొలతలు కనిపిస్తాయి. బేస్ కాన్వాస్ అంటే చిత్రాన్ని కూర్చే పలక. అవుట్‌పుట్ అంటే ఫైలులో నమోదయ్యే పరిమాణం. చాలామంది కాన్వాస్‌ను 1920×1080గా వదిలి, అవుట్‌పుట్‌ను మాత్రం 1280×720కి తగ్గిస్తారు. ఫైలు చిన్నదవుతుంది కానీ అక్షరం పెద్దది కాదు. అదే అక్షరం తక్కువ చుక్కలతో, మరింత మసకగా వస్తుంది.

లెక్క వేసి చూస్తే సంగతి తెలుస్తుంది. నిలువుగా పట్టుకున్న ఫోను తెర వెడల్పు సుమారు 70 మి.మీ. 1920 పిక్సెళ్ళ వెడల్పున్న చిత్రంలో 24 పిక్సెళ్ళ ఎత్తున్న అక్షరం ఆ ఫోనుపై 0.9 మి.మీ.కు మించదు. దాని కింది ఒత్తు అందులో సగం. ఫోనును అడ్డంగా తిప్పితే రెట్టింపవుతుంది నిజమే. కానీ పొలం గట్టున ఒక చేత్తో ఫోను పట్టుకున్న మనిషి తిప్పుతాడని నమ్మి పాఠం తయారు చేయకూడదు. రికార్డింగుకు ముందే విండోస్ డిస్‌ప్లే రిజల్యూషన్‌ను 1280×720కి మార్చి, ఓబీఎస్‌లో కాన్వాస్, అవుట్‌పుట్ రెండూ అదే కొలతకు ఉంచి, బ్రౌజరులో కంట్రోల్, ప్లస్ కీలతో 150 శాతానికి పెంచితే ఆ 24 పిక్సెళ్ళ అక్షరం 36 అవుతుంది. ఫోనుపై దాదాపు 2 మి.మీ. వస్తుంది. వెలుతురులో చదవగలిగే కనీస పరిమాణం అదే అనుకోవచ్చు. దీనివల్ల ఒక్క తెరపై పట్టే సమాచారం తగ్గుతుంది. తగ్గనివ్వాలి. పది వరుసల పట్టికను మూడు తెరలుగా విడదీయడం పాఠానికీ మేలే.

తెర కొలతా కాన్వాస్ కొలతా వేరైతే చిత్రం చుట్టూ నల్లటి ఖాళీ మిగులుతుంది. మూలాన్ని ఎంచుకొని కంట్రోల్, ఎఫ్ నొక్కితే చిత్రం కాన్వాస్‌కు సరిపోతుంది. అయినా మొదటే రెండు కొలతలూ ఒకటిగా ఉంచుకోవడం మేలు. సాగదీసిన చిత్రంలో అక్షరపు అంచులు కరుగుతాయి.

రంగుల విషయం

వ్యవసాయ స్లైడ్లలో పచ్చని నేపథ్యంపై ఎర్రని అక్షరాలు రాసే అలవాటు పాతుకుపోయింది. ప్రొజెక్టరుపై బాగానే ఉంటుంది, వీడియోలో ఉండదు. ఓబీఎస్ సాధారణంగా వాడే ఎన్‌వీ12 అనే రంగు పద్ధతిలో వెలుగు చీకట్ల వివరం ప్రతి పిక్సెల్‌కూ నమోదవుతుంది, రంగు వివరం మాత్రం నాలుగు పిక్సెళ్ళకు ఒక్కటి చొప్పున నమోదవుతుంది. ఎరుపు, ఆకుపచ్చల మధ్య రంగు తేడా ఎక్కువ, వెలుగు తేడా తక్కువ కావడం వల్ల అంచులు అలుక్కుపోతాయి. మొట్టమొదట పోయేది దశాంశ చుక్కే. తెల్లని నేపథ్యంపై నల్లని లేదా ముదురు నీలం అక్షరాలు వాడాలి. రంగు అమరికను ఐ444 పద్ధతికి మార్చి సమస్యను దాటవచ్చని కొందరు సూచిస్తారు. ఆ ఫైళ్ళు చాలా ఫోన్లలో తెరుచుకోవు. స్లైడు రంగు మార్చుకోవడమే సులభం.

ఫ్రేములు, నాణ్యత, ఫైలు బరువు

స్లైడు, పట్టిక, వెబ్ పుట చూపే పాఠానికి సెకనుకు 15 ఫ్రేములు చాలు. సాధారణ జాబితాలో 15 లేదు. ఇంటీజర్ ఎఫ్‌పీఎస్ అనే వరుసను ఎంచుకొని అంకె టైపు చేయాలి. 10కి తగ్గిస్తే మౌస్ బాణం గెంతుతున్నట్టు కనిపించి, చూసేవారు దాని వెంట పోలేరు.

అవుట్‌పుట్ విభాగాన్ని అడ్వాన్స్‌డ్ పద్ధతికి మార్చి, రికార్డింగు ఎన్‌కోడరుగా ఎక్స్264, రేటు నియంత్రణగా సీఆర్‌ఎఫ్ ఎంచుకోవాలి. సీఆర్‌ఎఫ్ విలువ పెరిగిన కొద్దీ నాణ్యత తగ్గుతుంది. విద్యార్థులు దీన్ని తరచుగా తలకిందులుగా అర్థం చేసుకుంటారు. తెర పాఠాలకు 20 నుంచి 23 మధ్య తగినది. కదలని తెరకు ఈ పద్ధతి అతి తక్కువ సమాచారం వాడుకొని, పుట కదిలినప్పుడు మాత్రమే ఎక్కువ తీసుకుంటుంది. స్థిరమైన రేటు ఇచ్చే సీబీఆర్ పద్ధతి ప్రత్యక్ష ప్రసారానికి ఉద్దేశించినది. రికార్డింగుకు అది వృథా. ఎంత వృథానో చూడాలంటే, వీడియోకు సెకనుకు 2500, ధ్వనికి 160 కిలోబిట్ల చొప్పున స్థిరంగా నమోదు చేస్తే 5 నిమిషాల పాఠం 100 మెగాబైట్లకు చేరుతుంది. సగటున 600, 96 కిలోబిట్లతో సరిపోయే పాఠమైతే 26 మెగాబైట్లు.

వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది మళ్ళీ కుదించబడుతుంది. పైన పడిన శ్రమలో చాలా భాగం అక్కడే పోతుంది. డాక్యుమెంటుగా జత చేసి పంపితే ఫైలు యథాతథంగా చేరుతుంది, 2 గిగాబైట్ల వరకు అనుమతి ఉంది. ఫైలు చిన్నదైతేనే ఈ దారి రైతుకు భారం కాదు. నాణ్యత, బరువు పరస్పర విరోధులు కావన్న సంగతి ఇక్కడ తేలుతుంది.

మాట

చిత్రం ఎంత చెడినా మాట వినిపిస్తే పాఠం సగం చేరినట్టే. మాట చెడితే ఏమీ చేరదు. ఆడియో విభాగంలో ఛానెళ్ళను మోనోకు మార్చాలి. లేకపోతే కొన్ని మైకుల ధ్వని ఒక చెవిలోనే వినిపిస్తుంది. ధ్వని సూచికలో మాట పసుపు పట్టీలో, అంటే మైనస్ 20 నుంచి మైనస్ 9 డెసిబెళ్ళ మధ్య ఆడుతుండాలి. ఎరుపులోకి పోతే పగుళ్ళు వస్తాయి, వాటిని తరువాత తొలగించలేము. పంకా, కూలరు హోరుకు మైకు ఫిల్టర్లలోని నాయిస్ సప్రెషన్‌ను ఆర్‌ఎన్‌నాయిస్ పద్ధతిలో పెట్టుకోవచ్చు; పంకా ఆపగలిగితే అంతకంటే మంచిది.

మోతాదును అంకెతో పాటు అక్షరాలలో రాసి, పలికి, మళ్ళీ పలకాలి. రెండున్నర గ్రాములు అన్న మాటను ఏ కుదింపూ ఇరవై ఐదుగా మార్చలేదు.

ఏది తెరపై ఉండాలి, ఏది ఉండకూడదు

పసుపు అమ్మకం కాలంలో ఏర్గట్ల రైతుకు బాగా పనికివచ్చే పాఠం ఈ-నామ్ ధరల పుటను చదవడం. 2016 ఏప్రిల్‌లో ఈ-నామ్ మొదటి విడతగా ప్రారంభమైన మార్కెట్లలో నిజామాబాద్ ఒకటి. ఆ పుటలో కనిష్ఠ, నమూనా, గరిష్ఠ ధరలు పక్కపక్కన ఉంటాయి. రైతు కన్ను సహజంగా గరిష్ఠ ధరపై పడుతుంది. ఎక్కువ సరుకు అమ్ముడుపోయిన ధర మధ్యది. బాణాన్ని మధ్య అంకెపై నిలిపి, కాడికీ గోళకూ ధర వేరుగా ఉంటుందని చెప్పి, కొన్ని క్షణాలు ఆగాలి. ఇందుకు క్యాప్చర్ కర్సర్ అనే గడిలో గుర్తు ఉందో లేదో ముందే చూసుకోవాలి.

మూలంగా డిస్‌ప్లే క్యాప్చర్ బదులు విండో క్యాప్చర్ ఎంచుకోవాలన్నది గట్టి సూచన. మొత్తం తెరను రికార్డు చేస్తే మూలన మెరిసే సందేశాలు, ఓటీపీలు, వెనుక తెరిచి ఉన్న లబ్ధిదారుల పట్టిక కూడా నమోదవుతాయి. ఆ పట్టికలో రైతుల ఫోను నంబర్లు, పట్టాదారు పాసుపుస్తకం నంబర్లు, కొన్నిసార్లు ఆధార్ అంకెలు ఉంటాయి. ఒక్క సెకను కనిపించినా వీడియోను ఆపి చదువుకోవచ్చు. భూమి రికార్డు చూపవలసిన పాఠానికి కల్పిత వివరాలతో నమూనా పుట తయారు చేసుకోవాలి. పొరపాటున నిజమైన వివరం పడితే ఆ భాగాన్ని మసక చేసే ప్రయత్నం కంటే మళ్ళీ రికార్డు చేయడమే సురక్షితం.

విండో క్యాప్చర్‌లో బ్రౌజరు నల్లగా కనిపిస్తే క్యాప్చర్ పద్ధతిని విండోస్ 10 అని ఉన్నదానికి మార్చాలి. రెండు గ్రాఫిక్ చిప్పులున్న ల్యాప్‌టాప్‌లో డిస్‌ప్లే క్యాప్చర్ నల్లగా వస్తే, విండోస్ గ్రాఫిక్స్ అమరికలలో ఓబీఎస్‌ను పవర్ సేవింగ్‌కు కేటాయించాలి.

కరెంటు పోయినప్పుడు

రికార్డింగు ఫైలును ఎంకేవీ రూపంలో ఉంచుకోవాలి. మామూలు ఎంపీ4లో రికార్డు చేస్తుండగా కరెంటు పోతే ఫైలు మొత్తం తెరుచుకోకుండా పోతుంది. ఎంకేవీలో అప్పటివరకు నమోదైనది నిలుస్తుంది. ఫోన్లకు ఎంపీ4 కావాలి కనుక, పని పూర్తయ్యాక ఫైల్ మెనూలోని రీమక్స్ రికార్డింగ్స్ ద్వారా మార్చుకోవచ్చు. ఇది మళ్ళీ కుదించడం కాదు, డబ్బా మార్చడం మాత్రమే. క్షణాలలో అయిపోతుంది, నాణ్యత తగ్గదు.

తేదీ

విస్తరణ వీడియోకు ముగింపు తేదీ ఉండదు. గుంపు నుంచి గుంపుకు ఏళ్ళ తరబడి తిరుగుతూనే ఉంటుంది. సిఫారసులు మాత్రం మారతాయి. నల్లికి డైకోఫాల్ పిచికారీ చేయమన్న పాత పాఠాలు ఎన్నో ఉన్నాయి. 2023లో కేంద్ర ప్రభుత్వం డైకోఫాల్‌ను, మిథోమిల్‌ను నిషేధించింది. తయారు చేసిన కార్యాలయం తన దగ్గరి ప్రతిని తొలగించినా, రైతు ఫోనులోని ప్రతి అక్కడే ఉంటుంది. వీడియో వివరణలో రాసిన తేదీ ఫార్వర్డ్ చేసేటప్పుడు రాలిపోతుంది, ఫైలు పేరు కూడా మారిపోతుంది. కాబట్టి ఓబీఎస్‌లో టెక్స్ట్ మూలాన్ని ఒకటి చేర్చి, నెల, సంవత్సరం, పంట కాలం, కార్యాలయం పేరు తెర కింది మూలన పాఠం పొడవునా కనిపించేటట్టు ఉంచాలి. దాని ఎత్తు 36 పిక్సెళ్ళకు తగ్గకూడదు.