చట్టం వేసిన ముద్ర

ఫిల్మ్ నగర్, జూబిలీ హిల్స్ ప్రాంతాల్లో తయారయ్యే సినిమాలకు దొంగ కావలసివస్తే ఊరు వెతుక్కోనక్కర్లేదు. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం ఎప్పుడూ సిద్ధమే. 1991లోనే ఆ ఊరి పేరుతో రెండు చిత్రాలొచ్చాయి. 2023లో "టైగర్ నాగేశ్వరరావు" టీజర్ ఎరుకలవారినీ, ఆ ఊరినీ కించపరుస్తోందని హైకోర్టులో వ్యాజ్యం పడింది. కోర్టు నిర్మాతకు నోటీసులిచ్చింది. అక్టోబరు 20న సినిమా విడుదలయింది.

మాతో చదివిన మిత్రుడొకడు ఊరేదంటే "బాపట్ల పక్కన" అనేవాడు. ఇంకా అడిగితే మాట మార్చేవాడు. ఎందుకో చాలాకాలం తర్వాతగాని మాకు అర్థం కాలేదు.

అసలు ఈ ముద్ర వేసింది సినిమావాళ్ళు కాదు, చట్టం. ఎరుకలవారు గాడిదల మీద, ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసి ఊరూరా అమ్ముకునేవారు. ప్రభుత్వపు ఉప్పు విధానమూ, రైళ్ళూ కలిసి ఆ బేరాన్ని దెబ్బతీశాయి. బతుకుతెరువు పోయి తిరుగుతున్నవాళ్ళు సర్కారు కంటికి అనుమానితులయ్యారు. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మారి మద్రాసు రాజధానికీ వచ్చింది. ఒక తెగను నేరస్థ తెగ అని ప్రభుత్వం ప్రకటిస్తే చాలు, ఆ ప్రకటన చెల్లుతుందా అని ఏ కోర్టూ ప్రశ్నించరాదు! న్యాయశాస్త్రం చదివే మిత్రులు ఇక్కడ కొంచెం ఆగాలి. 1872లో అదే ప్రభుత్వం తెచ్చిన సాక్ష్య చట్టం ముద్దాయి చెడ్డవాడనే మాట సాధారణంగా సాక్ష్యం కాదంది. ఎరుకలవాడి విషయంలో మాత్రం పుట్టుకే సాక్ష్యమయింది.

ఇక శిక్షల సంగతి. పట్టికలో చేర్చిన నేరాల్లో రెండోసారి దొరికితే, ప్రత్యేక కారణాలు లేనిదే, ఏడేళ్ళకు తగ్గరాదు. మూడోసారి యావజ్జీవ ద్వీపాంతరం. రిజిస్టరయిన మనిషి దొంగతనం చెయ్యబోతున్నట్టు కోర్టుకు తోస్తే, ఏమీ చెయ్యకపోయినా మూడేళ్ళదాకా పడుతుంది. ఏ ముద్రా లేని మరొకడు అదే చోట నిలబడితే ఈ సెక్షను వాడి జోలికి రాదు.

స్టూవర్టుపురం ఇలా పుట్టిన సెటిల్‌మెంటే. 1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించారు. పేరేమో మద్రాసు ప్రభుత్వ సభ్యుడు హెరాల్డ్ స్టూవర్టుది. పాసు లేనిదే ఊరు దాటకూడదు, హాజరు వేయించుకోవాలి. చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూలీలు ఇక్కణ్ణుంచే వెళ్ళేవారు. సంస్కరణ అన్నారు గాని, చవకగా కూలీలు దొరికారన్నది నా అభిప్రాయం. ఏ కోర్టూ శిక్షించని ఆడవాళ్ళూ, పిల్లలూ కూడా ఆ కంచె లోపలివాళ్ళే.

మద్రాసులో 1947లోనూ, దేశమంతటా 1952 ఆగస్టు 31నా ఆ చట్టం రద్దయింది. కాని 1948లో మద్రాసులోనూ, 1962లో ఆంధ్రప్రదేశ్‌లోనూ అలవాటు నేరస్థుల చట్టాలొచ్చాయి. తెగకు బదులు వ్యక్తి పేరు రాస్తారు. రిజిస్టరు మాత్రం ఉంది. 'కేడీ' అని మనం సరదాగా తిట్టుకునే మాట కూడా పోలీసు రికార్డులోదే.

జైలు నిబంధనల్లో అయితే పాత మాటలు అలాగే మిగిలిపోయాయి. 2024 అక్టోబరు 3న సుకన్యా శాంత కేసులో సుప్రీంకోర్టు, ఖైదీలను కులాన్నిబట్టీ, విముక్త తెగలను పుట్టుకనుబట్టీ వేరుచేసే నిబంధనలు రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసి, వాటిని మూడు నెలల్లో సవరించాలని రాష్ట్రాలను ఆదేశించింది.