పట్టణాన్ని చదవడం: ప్రణాళికా శాస్త్రంలో స్నాతకోత్తర విద్య

పట్టణ ప్రణాళిక అనగానే చాలామందికి రంగులు పూసిన పటం స్ఫురిస్తుంది. నివాసాలకు పసుపు, వాణిజ్యానికి నీలం, ఉద్యానాలకు ఆకుపచ్చ. వాస్తవానికి ఆ పటం ఈ శాస్త్రంలో చివరి మెట్టు. దానికి ముందు ఊరిని చదవడమనే సుదీర్ఘమైన పని ఒకటి ఉన్నది. ఎక్కడ మెరక, ఎక్కడ పల్లం, నీరు ఏ దారిన పోతుంది, ఎవరు ఏ పనికి ఏ వేళ ఎటు నడుస్తారు, ఏ భూమి ఎవరి అనుభవంలో ఉన్నది అనే సంగతులన్నీ తెలిసిన తరువాతనే గీత గీయడం. ఈ చదవడాన్ని క్రమశిక్షణతో నేర్పే రెండేళ్ల స్నాతకోత్తర విద్యకే మన దేశంలో ఎం.ప్లాన్ అని పేరు.

సర్వే ముందు, ప్రణాళిక తరువాత అనే సూత్రాన్ని మన దేశంలో బలంగా చాటినవాడు స్కాట్లండు దేశీయుడైన పాట్రిక్ గెడెస్. మద్రాసు గవర్నరు లార్డ్ పెంట్లండ్ ఆహ్వానంపై ఆయన 1914లో ఇక్కడికి వచ్చాడు. వెంట రావలసిన నగర ప్రదర్శన సామగ్రి ఓడతో సహా సముద్రంలో మునిగిపోయింది. ముంచినది, మద్రాసుపై గుళ్లు కురిపించిన ఆ ఎమ్డెన్ నౌకయే. మిత్రులు మళ్లీ సేకరించి పంపిన పటాలతో ఆయన ప్రదర్శన జరిపి, ఆ తరువాత అనేక భారతీయ పట్టణాలను కాలినడకన పరిశీలించి నివేదికలు వ్రాశాడు. పాత వీధులను కూలద్రోసి వెడల్పు చేయడం కంటె, అవసరమైన చోట మాత్రమే చిన్న కోత కోసి మిగిలిన ఊరిని బ్రతికించడం మేలని ఆయన వాదన. 1919లో బొంబాయి విశ్వవిద్యాలయం ఆయనకు ఆచార్య పదవి ఇచ్చినది సామాజిక, పౌర శాస్త్రాల శాఖలో, ఇంజినీరింగులో కాదు. ఈ విద్య స్వభావం ఏమిటో గ్రహించడానికి ఆ ఒక్క విషయం చాలు.

నేటి పాఠ్యక్రమంలో భూ వినియోగం, రవాణా, గృహవసతి, పర్యావరణం, పురపాలక ఆర్థికం, ప్రణాళికా చట్టాలు, జనాభా గణాంకాలు, ఉపగ్రహ చిత్రాల ఆధారంగా పటరచన మొదలైనవి ఉంటాయి. అయితే దాని గుండె స్టూడియో. ప్రతి అర్ధసంవత్సరమూ విద్యార్థుల బృందానికి ఒక నిజమైన ఊరినో ప్రాంతాన్నో అప్పగిస్తారు. వారు ఇల్లిల్లూ తిరిగి వివరాలు సేకరించి, పటాలు గీసి, తమ ప్రతిపాదనలను ఆచార్యుల ముందు సమర్థించుకోవాలి. చివరి అర్ధసంవత్సరం సిద్ధాంత వ్యాసానిది.

అటువంటి స్టూడియోకు యానాంను అప్పగించారని అనుకుందాం. సుమారు 30 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం. 2001లో 31,394గా ఉన్న జనాభా 2011 నాటికి 55,626కు చేరింది. పదేళ్లలో నూటికి డెబ్బై ఏడు వంతుల పెరుగుదల! ఇంతమంది కొత్తవారు ఏ భూమిలో ఇళ్లు కట్టుకున్నారు అన్నది మొదటి ప్రశ్న. గౌతమీ గోదావరి ఒడ్డున ఉన్న ఊరిలో మెరక భూములు ముందే నిండిపోతాయి. ఆలస్యంగా వచ్చినవారికి, బీదవారికి పల్లమే మిగులుతుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద దాటింది. 2022 జూలైలో 25 లక్షలకు పైగా దాటినప్పుడు కూడ యానాం వీధులు మునిగాయి. ఏటిలో నీరు ఊరి మురుగు కాలువ మట్టాన్ని మించినప్పుడు కాలువ వెనుకకు పారుతుంది. సముద్రం పోటు మీద ఉంటే ఆ నీరు తీయడం మరింత ఆలస్యం. ఏటిగట్టు ఎత్తు పెంచి ఊరుకుంటే లోపల కురిసిన వాన ఎటు పోవాలన్న సమస్య అలాగే నిలిచి ఉంటుంది.

రెండవ ప్రశ్న ఇంకా చిక్కైనది. యానాం నాలుగు దిక్కులా ఆంధ్రప్రదేశ్ భూభాగం. పరిపాలన మాత్రం 800 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న పుదుచ్చేరి నుండి. సరిహద్దు ఊరి జీవితాన్ని ఎంతగా మలచగలదో మన చరిత్రే చెబుతుంది. 1929లో శారదా చట్టం వచ్చిన తరువాత, అది వర్తించని ఈ ఫ్రెంచి గడ్డపై బాల్యవివాహాలు జరిపించడానికి చుట్టుపట్ల నుండి జనం తరలివచ్చేవారు. కల్యాణపురమనే పేరు అలా వచ్చినదే. గర్వించదగినది కాదు గాని మరువదగినదీ కాదు. నేడు పెట్రోలు ధరలో తేడా అదే పని చేస్తున్నది. కాబట్టి యానాం రోడ్లపై తిరిగే వాహనాలను యానాం జనాభాతో లెక్కగట్టే రవాణా ప్రణాళిక తప్పుతుంది. ఎదుర్లంక వంతెన మీదుగా సాగే 216వ జాతీయ రహదారి రద్దీ అంతా ఈ ఊరి గుండానే పోవాలి.

చట్టమూ రెండు ముక్కలే. యానాంకు వర్తించేది 1969 నాటి పుదుచ్చేరి పట్టణ, గ్రామీణ ప్రణాళికా చట్టం. గట్టుకు ఆవలి ఊళ్లకు మూలం 1920 నాటి మద్రాసు చట్టం. 1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, పురపాలక సంఘాలకు అప్పగించదగిన పద్దెనిమిది విధులలో పట్టణ ప్రణాళికను మొదటిదిగా పేర్కొన్నది. కాని నీటికి ఈ విభజనలేవీ తెలియవు. సరిహద్దు వద్ద ఆగిపోయే పటం యానాంకు ప్రణాళిక కాజాలదన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం. ప్రాంతీయ ప్రణాళిక అనే పాఠ్యాంశం నేర్పేది సరిగ్గా ఈ విషయాన్నే.

ఇట్టి చదువు చదివినవారు దేశంలో చాలినంతమంది లేరు. నీతి ఆయోగ్ 2021 నివేదిక ప్రకారం 7,933 పట్టణ ప్రాంతాలలో సుమారు 65 శాతానికి బృహత్ ప్రణాళిక లేదు. రాష్ట్రాల ప్రణాళికా శాఖలలో మంజూరైన ప్రణాళికావేత్తల పదవులలో 42 శాతం ఖాళీ. ఉన్న ప్రణాళికల సంగతీ ఆలోచించదగినదే. ముసాయిదాను ప్రకటించి, గడువులోగా ప్రజల అభ్యంతరాలు స్వీకరించాలని చట్టం చెబుతుంది. ఆ భాషను, ఆ రంగులను చదవగలవాడు వీధిలో ఒక్కడూ లేకపోతే, దరియాలతిప్పలోని మత్స్యకారుడికి తన వల ఆరవేసే చోటు ఏ రంగులోకి పోయిందో గడువు దాటిన తరువాతనే తెలుస్తుంది.

ఈ విద్యకు వాస్తుశిల్ప, ప్రణాళికా, సివిల్ ఇంజినీరింగు పట్టభద్రులు అర్హులు. భూగోళం, అర్థశాస్త్రం, సామాజిక శాస్త్రాలలో ఎం.ఏ. చేసినవారిని కూడ పలు సంస్థలు చేర్చుకుంటాయి. ఈ అవకాశం మన విద్యార్థులలో చాలామందికి తెలియకపోవడం విచారకరం. మనకు దగ్గరలోనిది 2008లో ఏర్పడిన విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్. హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ వాస్తుశిల్ప, లలితకళల విశ్వవిద్యాలయం, చెన్నైలో అన్నా విశ్వవిద్యాలయం ఉన్నాయి. జాతీయ సంస్థలలో ప్రవేశానికి గేట్ పరీక్ష ముఖ్యం. ప్రతి సంస్థ నిబంధనలను ఆ యేటి ప్రకటనలో సరిచూసుకోవాలి.

అభ్యాసం: మీ వీధి మురుగు కాలువ వెంట దాని చివరి వరకు నడవండి. అది ఏ కాలువలో కలుస్తుందో, ఎక్కడ పూడిందో, ఎక్కడ దానిపై కట్టడాలు వెలిశాయో ఒక కాగితంపై గుర్తించండి. 1986, 2022 వరదలలో నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో వీధిలోని పెద్దలను అడిగి, గోడలపై వారు చూపిన మట్టాలను అదే కాగితంపై నమోదు చేయండి. కాలువ ఊరి సరిహద్దు దాటిపోతే మీరూ దాటి నడవండి.